పైడితల్లి, అరసవల్లి, శ్రీకూర్మం: ఇవన్నీ ఒకే మతం ఎలా అయ్యాయి?

పోయిన దసరా వెళ్ళాక మా మేనల్లుడు పుణె నుంచి ఫోన్ చేశాడు. హాస్టల్లో పక్క గది కుర్రాడు, కేరళ నుంచి వచ్చిన క్రైస్తవుడు, తెలుసుకుందామనే అడిగాడట: మీ గ్రంథం ఏది, మీ అసలు దేవుడు ఎవరు, హిందువు అనిపించుకోవాలంటే ఏం నమ్మాలి అని. మూడింటికీ వీడికి మాట రాలేదు. "మావయ్యా, చిన్నప్పట్నుంచీ అమ్మమ్మ చెయ్యి పట్టుకొని గుళ్ళన్నీ తిరిగాను, సిరిమాను చూశాను, జిల్లేడాకులు పెట్టుకొని స్నానం చేశాను, అయినా ఒక్క ముక్క చెప్పలేకపోయాను" అన్నాడు.

వాడికి తెలియక కాదు. ఆ ప్రశ్నలు వేరే మతాల నిర్మాణంలోంచి పుట్టినవి. ఒక ప్రవక్త, ఒక గ్రంథం, ఒక విశ్వాస ప్రకటన ఉన్న చోట వాటికి సూటి జవాబులుంటాయి. మన దగ్గర అవి లేవు కాబట్టి, నమ్మకం దగ్గర కాకుండా జనం చేసే పనుల దగ్గర మొదలుపెడితే తేలిగ్గా అర్థమవుతుంది. మా అమ్మ సంవత్సరమే చూడండి. మాఘంలో రథసప్తమికి అరసవల్లి, శివరాత్రికి ముఖలింగం, ఫాల్గుణంలో డోలోత్సవానికి శ్రీకూర్మం, దసరా వెళ్ళిన మంగళవారం విజయనగరం పైడితల్లి. సూర్యుడు, శివుడు, విష్ణువు, గ్రామదేవత. పట్టుకెళ్ళే సంచీ ఒకటే, అందులో కొబ్బరికాయలూ అవే. తను నాలుగు మతాల్లోకి వెళ్ళి వస్తున్నానని అమ్మ ఎప్పుడూ అనుకోలేదు.

పేరు కొత్తది, మరి విషయం?

"హిందూ" అన్నది మొదట మతం పేరు కాదు. సింధు నదిని పర్షియన్లు హిందు అన్నారు, నదికి ఇవతల ఉన్నవాళ్ళకి ఆ పేరు అంటుకుంది. వేదాల్లో గానీ పాత ఉపనిషత్తుల్లో గానీ ఈ మాట కనిపించదు. చాలా శతాబ్దాల పాటు అది ప్రాంతాన్నీ జనాన్నీ చెప్పిన మాట, మతానికి పేరుగా స్థిరపడడం తర్వాతి సంగతి. సనాతన ధర్మం అనే మాట పాత సంస్కృత గ్రంథాల్లో ఉంది గానీ, అక్కడ దాని అర్థం ఎప్పటినుంచో వస్తున్న నడవడి అని. ఇవాళ మనం వాడుతున్నట్టు మొత్తం మతానికి పేరుగా అది బాగా ప్రచారంలోకి వచ్చింది 19వ శతాబ్దంలో.

ఇక్కడ పండితుల్లో రెండు పక్షాలున్నాయి. బ్రిటిష్ వాళ్ళు జనాభా లెక్కల కోసం, కోర్టుల కోసం వేర్వేరు సంప్రదాయాలన్నిటినీ ఒక గంపలో వేసి పేరు పెట్టారని ఒక పక్షం. పేరు కొత్తదైతే అయింది, కాశీ నుంచి రామేశ్వరం దాకా యాత్రలు, రామాయణ భారతాలు, శ్రాద్ధాలు, పెళ్ళిలో అగ్నిసాక్షి, ఇవన్నీ తెల్లవాడు రాకముందే జనాన్ని కలిపి ఉంచాయి కదా అని రెండో పక్షం. నాకు రెండో వాదన బలంగా అనిపిస్తుంది. అయితే మొదటి పక్షం చెప్పే ఒక నిజాన్ని తోసెయ్యలేం: సెన్సస్ ఫారంలో ఒక గడి పెట్టాక, ఎవరు లోపల, ఎవరు బయట అన్న ప్రశ్న మునుపు లేనంత గట్టిగా వచ్చింది. దాని సంగతి చివర్లో చెప్తాను.

మన భాషలోనే ఇంకో ఆధారం ఉంది. సమ్మతం, అభిమతం అంటాం కదా, "మతం" అంటే మొదట అభిప్రాయమనే అర్థం. అద్వైత మతం, ద్వైత మతం అన్నప్పుడు ఆ ఆచార్యుల అభిప్రాయమని. ధర్మం అంటే నిలబెట్టేది, మోసేది. ఒకే ధర్మం లోపల పది మతాలు ఉండొచ్చు అన్నది మన భాషలో వింత మాటేం కాదు.

దేవుడు ఒక్కడా, ముప్పై మూడు కోట్లా?

బృహదారణ్యక ఉపనిషత్తులో ఇదే ప్రశ్న శాకల్యుడు యాజ్ఞవల్క్యుడిని అడుగుతాడు. దేవతలు ఎందరు? ముందు మూడు వందల మూడు, మూడు వేల మూడు అని చెప్తాడు. సరే, నిజంగా ఎందరు? ముప్పై మూడు. నిజంగా? ఆరుగురు. తర్వాత ముగ్గురు, ఇద్దరు, ఒకటిన్నర, చివరికి ఒక్కడు. ముప్పై ముగ్గురి లెక్క కూడా అక్కడే విప్పుతాడు: ఎనిమిది మంది వసువులు, పదకొండు మంది రుద్రులు, పన్నెండు మంది ఆదిత్యులు, ఇంద్రుడు, ప్రజాపతి. అడిగే కొద్దీ జవాబు మారింది, కానీ ముందు చెప్పినవేవీ అబద్ధమని కొట్టెయ్యలేదు. ఇదీ అసలు కీలకం. ఎందరో అంటే ఎందరో, ఒక్కడు అంటే ఒక్కడు, ఎక్కడ నిలబడి లెక్కపెడుతున్నావు అన్నదాన్ని బట్టి. ఉన్నది ఒకటే, తెలిసినవాళ్ళు దాన్ని పలు పేర్లతో పిలుస్తారు అని ఋగ్వేదం మొదటి మండలంలోనూ ఉంది.

"కోటి" అంటే సంఖ్య కాదు, రకం అని ఈమధ్య వాట్సాప్‌లో బాగా తిరుగుతోంది. సంస్కృతంలో ఆ మాటకి కొస, పక్షం, శ్రేణి లాంటి అర్థాలున్న మాట నిజమే. కానీ తర్వాతి కాలంలో జనం ఆ మాటని లెక్కలేనంత మంది అన్న అర్థంలోనే వాడుకున్నారు. రెండూ ఉన్నాయి.

ఇంట్లో ఇది ఎలా ఉంటుందంటే, మూడు మాటలు తెలిస్తే చాలు. వంశానికి ఉండేది ఇలవేల్పు. ఊరికి ఉండేది గ్రామదేవత. మనిషి తనకు తానుగా మనసు పెట్టుకునేది ఇష్టదైవం. ఒక ఇంటి ఇలవేల్పు సింహాచలం అప్పన్న కావచ్చు, ఊరి తల్లి పైడితల్లి కావచ్చు, ఆ ఇంటి అబ్బాయి శనివారాలు ఆంజనేయుడికి ఉండొచ్చు. మా వైపు ఏ బడిలోనైనా హాజరు పట్టీ తెరవండి: అప్పలనాయుడు, పైడిరాజు, కూర్మారావు, సూర్యనారాయణ, ముఖలింగం. చుట్టుపక్కల దేవుళ్ళందరూ ఒకే బెంచీ మీద కూర్చొని ఉంటారు.

అరసవల్లి: వేదంలోని సూర్యుడు గుడిలోకి ఎలా వచ్చాడు

వేదకాలంలో గుడి లేదు, విగ్రహం లేదు. అగ్ని వెలిగించి, అందులో నెయ్యి వేసి, దేవతని మంత్రంతో పిలవడం, అదీ యజ్ఞం. సంధ్యావందనంలో చెప్పే గాయత్రి ఋగ్వేదం మూడో మండలంలోది, సవితృదేవుణ్ణి ఉద్దేశించి చెప్పింది. అంటే సూర్యుణ్ణే. తర్వాతి కాలంలో పురాణాలు దేవతలకి కథ, రూపం, కుటుంబం ఇచ్చాయి. గుడి ఎలా కట్టాలి, విగ్రహం ఎలా ప్రతిష్ఠించాలి, స్వామిని ఎలా మేలుకొలపాలి, ఏ వేళకి ఏ నైవేద్యం పెట్టాలి అన్నవి చెప్పేవి ఆగమాలు.

శ్రీకాకుళం పక్కనే ఉన్న అరసవల్లిలో ఈ పొరలన్నీ ఒకేసారి కనిపిస్తాయి. ఇంద్రుడు ప్రతిష్ఠించాడని స్థలపురాణం, కళింగ గాంగరాజు దేవేంద్రవర్మ 7వ శతాబ్దంలో కట్టించాడని చరిత్ర చెప్పేవారి మాట. ఏడాదికి రెండుసార్లు, మార్చిలోనూ అక్టోబరులోనూ, పొద్దుటి కిరణాలు మూలవిరాట్టు పాదాల మీద పడతాయి. మబ్బు పట్టిందంటే అన్ని గంటలు నిలబడ్డవాళ్ళు ఉసూరుమని వెనక్కి రావలసిందే. రథసప్తమి నాడు మంత్రాలు లోపల అర్చకులవి. బయట ఆడవాళ్ళు పిడకలు పేర్చి, ఇత్తడి గిన్నెలో పాలు పొంగించి పరమాన్నం వండి, చిక్కుడాకుల్లో పెట్టి సూర్యుడికి చూపిస్తారు. మా అమ్మ పాలు ఏ వైపుకి పొంగాయో చూసుకుంటుంది, తూర్పుకి పొంగితే మొహం వెలిగిపోతుంది. అది ఏ ఆగమంలో ఉందని అడిగితే తన దగ్గర జవాబు ఉండదు. వాళ్ళమ్మ చూసుకునేది, తనూ చూసుకుంటుంది. శాస్త్రం, ఆచారం అని మనవాళ్ళు జంటగా అంటారే, ఆ జంటలో రెండోది ఇదే. బరువులో మొదటిదానికి తీసిపోదు.

శ్రీకూర్మం: తెగని వాదాలున్న గుడి

గార మండలం శ్రీకూర్మంలో స్వామి తాబేలు రూపంలో ఉంటాడు, పడమటి ముఖంగా. అందుకే ధ్వజస్తంభాలు రెండు, తూర్పున ఒకటి, పడమట ఒకటి. గుడి వెనక తాబేళ్ళని పెంచుతారు, పిల్లలు ముందు అటే పరిగెడతారు.

ఈ గుడి గురించి వైష్ణవులు చెప్పే కథ ఒకటుంది. రామానుజులు పూరీలో పూజాపద్ధతి మార్చబోయారట. అది ఇష్టంలేని జగన్నాథుడు ఆయన నిద్రలో ఉండగా రాత్రికి రాత్రి ఎత్తి ఇక్కడ దింపేశాడట. తెల్లారి లేచి చూస్తే ఎదురుగా ఉన్నది శివలింగంలా కనిపించింది. శివాలయంలో పడ్డానని ఆయన అన్నం ముట్టలేదు. ఇది కూర్మరూపంలో ఉన్న విష్ణువేనని తర్వాత స్వామి కలలో చెప్తే అప్పుడు ఆరాధించాడట. ఇదంతా ఈ గుడి ఒకప్పుడు శివాలయం అనడానికి గుర్తని కొందరు చరిత్రకారులంటారు. కాదు, మొదట్నుంచీ వైష్ణవమేనని సంప్రదాయం అంటుంది. చాలాకాలం తర్వాత ద్వైత సిద్ధాంతకర్త మధ్వాచార్యుల శిష్యుడు నరహరితీర్థులు గాంగుల రాజ్యంలో అధికారిగా ఇక్కడికి వచ్చారు. ఆయన వేయించిన 1281 నాటి శాసనం ఈ గుడిలోనే ఉంది.

ఇంతకీ ఈ ఆచార్యుల మధ్య తగువు దేని గురించి? జీవుడికీ దేవుడికీ ఉన్న సంబంధం ఏమిటన్నది. శంకరుల అద్వైతం ప్రకారం రెండూ ఒకటే, వేరుగా కనిపించడం అవిద్య వల్ల. ఉపనిషత్తు చెప్పిన పోలికే తీసుకుంటే, కళ్ళేపల్లి దగ్గర నాగావళి సముద్రంలో కలిశాక అందులో నాగావళి ఏదో వేరుచేసి చూపించలేం, పేరూ రూపమూ రెండూ పోతాయి. రామానుజుల విశిష్టాద్వైతంలో దేవుడు ఒక్కడే, అయితే జీవులూ జగత్తూ ఆయన శరీరంలాంటివి. చెయ్యి మనిషిలో భాగమే, అలాగని చెయ్యే మనిషి కాదు. మధ్వుల ద్వైతంలో జీవుడు ఎప్పటికీ జీవుడే, దేవుడు ఎప్పటికీ దేవుడే, ముక్తి పొందాక కూడా ఆ తేడా పోదు. ఇవి చిన్న తేడాలు కావు. మూడోది నిజమైతే మొదటిది తప్పు. ముగ్గురూ అవే ఉపనిషత్తుల మీద, అవే బ్రహ్మసూత్రాల మీద భాష్యాలు రాసి ఒకరినొకరు గట్టిగా ఖండించుకున్నారు. ఇంకా వెనక్కి వెళ్తే, వేదం ప్రమాణమంటూనే సృష్టికర్త అయిన ఈశ్వరుడి అవసరం లేదన్న మీమాంసకులూ ఉన్నారు.

అన్ని మతాలూ ఒకటే చెప్తాయి, మన ఆచార్యులంతా ఒకటే చెప్పారు అని సభల్లో అంటుంటారు. నేను ఒప్పుకోను. వాళ్ళు ఒకటి చెప్పలేదు. ఒకటి చెప్పనివాళ్ళని ఒకే ప్రాకారంలో ఉంచుకోవడం ఈ సంప్రదాయం గొప్పతనం.

పైడితల్లి: పురాణం లేని అమ్మ

అరసవల్లికి వేదం ఉంది, శ్రీకూర్మానికి పురాణం ఉంది. పైడితల్లికి ఉన్నది మన నేల మీద జరిగిన కథ. 1757లో బొబ్బిలి యుద్ధం జరిగింది, విజయనగరం రాజు పెదవిజయరామరాజు తాండ్ర పాపారాయుడి చేతిలో చనిపోయాడు. ఆయన చెల్లెలే పైడిమాంబ. అన్న పోయాడన్న కబురు దారిలో విని ప్రాణాలు వదిలిందని, పెద్దచెరువులో విగ్రహమై దొరుకుతానని చెప్పిందని, వెంట ఉన్న పతివాడ అప్పలనాయుడు ఆ విగ్రహాన్ని పైకి తీసి గుడి కట్టించాడని చెప్తారు. ఇప్పటికీ పూజారులు ఆ వంశపరంపర వాళ్ళేనని చెప్తారు.

పండగ ముందురోజు సోమవారం తొలేళ్ళు. ఆ రాత్రి అమ్మవారి దగ్గర పెట్టిన విత్తనాల్ని రైతులకి పంచుతారు, అవి పట్టుకెళ్ళి సొంత విత్తనాల్లో కలుపుకుంటారు. మంగళవారం సిరిమాను. అమ్మ పూజారికి కలలో కనిపించి ఏ ఊళ్ళో ఏ తోటలో ఉందో చెప్పిన చింతచెట్టు అది. యాభై, అరవై అడుగుల మాను, దాని కొసన కుర్చీలో పూజారి. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల నడుస్తుంటే, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. కింద నుంచి జనం అరటిపళ్ళు విసురుతారు. ఆ కాసేపూ కుర్చీలో ఉన్నది పూజారి కాదు, అమ్మ. మా నాన్న చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకొని మూడు లాంతర్ల కూడలి దగ్గర నిలబడేవాడు. మాను వంగి ముందుకొస్తుంటే వేలమంది ఒక్కసారిగా చేతులెత్తడం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది.

ఇది హిందూమతమేనా? గ్రామదేవతలు వైదిక సంప్రదాయానికి బయట పుట్టినవాళ్ళని, తర్వాత పార్వతి అంశ, దుర్గ అంశ అని కలుపుకున్నారని ఒక వాదం. సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ ఇలాంటి మార్పుకే సంస్కృతీకరణ అని పేరు పెట్టాడు. అమ్మవారికి లలితా సహస్రనామం చదవడం, కొన్ని చోట్ల కోడి స్థానంలో గుమ్మడికాయ రావడం దీనికి ఉదాహరణలుగా చూపిస్తారు. బలి ఆగడానికి 1950 నాటి నిషేధ చట్టం కూడా ఒక కారణమే. ఇంకో వాదం, శక్తి ఒక్కటే, ఊరూరా పేరు వేరు, కలుపుకోవడానికి వేరుగా ఉన్నదెప్పుడు అని. చరిత్ర వరకు మొదటిదానికి ఆధారాలు ఎక్కువ. కానీ మొక్కే మనిషి వైపు నుంచి చూస్తే రెండోదే నిజం. ఆ రెండూ రెండు వేర్వేరు ప్రశ్నలకి జవాబులు.

కర్మ అంటే తలరాత కాదు

వాడుకలో "నా కర్మ" అంటే చేసేదేం లేదని. శాస్త్రంలో దాని అర్థం దాదాపు దీనికి ఎదురు: చేసిన పని, దాని ఫలం. మూడు రకాలు చెప్తారు. వరి రైతు లెక్కలో చూస్తే, గాదెలో పేరుకున్న ధాన్యం సంచితం. అందులోంచి తీసి ఎసట్లో పోసిన బియ్యం ప్రారబ్ధం, అది తిని తీరాలి. ఇప్పుడు మడిలో వేస్తున్న నాట్లు ఆగామి, అవి మన చేతిలో ఉన్నాయి. జ్ఞానం వస్తే గాదె కాలిపోతుంది, ఎసట్లోది మాత్రం అనుభవించాల్సిందే అని అద్వైతులంటారు. శరణాగతి చేసినవాడి భారం స్వామే తీసుకుంటాడని వైష్ణవులంటారు. పుట్టుకల చక్రంలోంచి బయటపడడమే మోక్షం. బౌద్ధులు, జైనులు కూడా కర్మని ఒప్పుకుంటారు కాబట్టి ఇది ఒక్క హిందువులదే కాదు. పైడితల్లికి మొక్కుకునే తల్లి అడిగేది మోక్షం కాదు, బిడ్డ జ్వరం తగ్గాలని.

కులం సంగతి

ఇది దాటేస్తే వ్యాసం నిజాయితీగా ఉండదు. ఋగ్వేదంలోని పురుషసూక్తం నాలుగు వర్ణాల్ని చెప్తుంది. ఊళ్ళో ఉన్నవి జాతులు, లెక్కకి వేలు. గుణకర్మలను బట్టి వర్ణాలని గీత చెప్పింది, పుట్టుకని బట్టి ఎంచడం తర్వాత చేరిన చెడు అని చాలామంది సంస్కర్తలన్నారు. శాస్త్రాల పవిత్రతే కులాన్ని నిలబెడుతోంది, దాన్ని ప్రశ్నించకుండా కులం పోదని అంబేడ్కర్ అన్నారు, 1956లో బౌద్ధం తీసుకున్నారు. గుళ్ళలోకి దళితుల్ని అన్నిచోట్లా రానివ్వాలని మద్రాసు రాష్ట్రం చట్టం చేసింది 1947లో. అప్పటికి మన శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఆ రాష్ట్రంలో విశాఖపట్నం జిల్లాలో భాగం. డప్పు మోగకుండా మా వైపు అమ్మవారి పండగ మొదలవదు. ఆ డప్పు కొట్టిన చేతుల్ని పెద్ద గుడి గడప తొక్కనివ్వని కాలం మా తాతల జ్ఞాపకంలోనే ఉంది. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు సిగ్గేస్తుంది.

ఎవరు హిందువు: కోర్టు లెక్క, కొండ మీద లెక్క

తమది వేరే మతమని, కాబట్టి గుడి ప్రవేశ చట్టం తమకి వర్తించదని గుజరాత్‌లో స్వామినారాయణ సత్సంగులు కోర్టుకెళ్ళారు. 1966లో సుప్రీంకోర్టు వాళ్ళు హిందువులేనంది. ఒక ప్రవక్త, ఒక దేవుడు, ఒక సిద్ధాంతం లేని మతాన్ని నిర్వచించడం కష్టమని అదే తీర్పులో ఒప్పుకుంది. 1955 హిందూ వివాహ చట్టం ఆ కష్టాన్ని ఇంకో దారిలో దాటింది. బౌద్ధ, జైన, సిక్కులకీ వర్తింపజేసి, ముస్లిం, క్రైస్తవ, పార్సీ, యూదు కానివాళ్ళని కూడా మామూలుగా తన పరిధిలోకే తీసుకుంది. ఎవరు కాదో చెప్పి, ఎవరు అవునో తేల్చింది.

కానీ అదే చట్టం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప షెడ్యూల్డు తెగలకి వర్తించదు. సీతంపేట కొండల్లో ఒక సవర జంట పెళ్ళి చేసుకుందనుకోండి. వాళ్ళ పెళ్ళికి, విడాకులకి తెగ ఆచారమే ఆధారం. జనాభా లెక్కలో వాళ్ళని హిందువులని రాసి ఉండొచ్చు, కంది కొత్తల పండగ చేసి కొండదేవతకి పెట్టాకే కొత్త కందులు తింటుండొచ్చు, శివరాత్రికి కిందికి దిగి వంశధారలో చక్రతీర్థ స్నానం చేస్తుండొచ్చు. గిరిజనులకి మతం గడి విడిగా ఉండాలన్న డిమాండు కూడా ఉంది, అక్కడి గిరిజనుల సర్నా మతాన్ని వేరుగా లెక్కించాలని జార్ఖండ్ శాసనసభ 2020లో తీర్మానం చేసింది. వాళ్ళు ఆదినుంచీ ఈ సంప్రదాయంలో భాగమేననేవాళ్ళు దాన్ని వ్యతిరేకిస్తున్నారు.

గిరిజనులు ఇందులో భాగమేననేవాళ్ళు చూపించే గుళ్ళలో ముఖలింగం ఒకటి. వేరనేవాళ్ళూ అదే గుడిని చూపిస్తారు. సవరల నాయకుడు ఇప్పచెట్టుని నరకబోతే శివుడు అందులోంచి కనిపించాడని స్థలపురాణం. ఇప్పని సంస్కృతంలో మధూకం అంటారు, అందుకే స్వామి మధుకేశ్వరుడు. పూరీ జగన్నాథుడి పెద్దగుడి మొదలుపెట్టిన అనంతవర్మ చోడగంగు వంశం ఏలింది ఈ వంశధార ఒడ్డునుంచే. ఆ జగన్నాథుణ్ణి కూడా ముందు కొలిచినవాడు విశ్వావసు అనే సవరేనని అక్కడి సంప్రదాయం. చెట్టు సవరలది, లింగం శైవులది, గుడి రాజులది. గర్భాలయంలో ఉన్నది మలిచిన రాయి కాదు, ఆ ఇప్పచెట్టు మొదలేనని మా అమ్మ చిన్నప్పుడు నాకు చూపిస్తూ చెప్పింది, ఈసారి శివరాత్రికి మేనల్లుడు వస్తే వాడికీ చూపిస్తానంటోంది.